నా తలనొప్పికి కారకులు

జూన్ 3, మంగళవారం

ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. కోయంబత్తూరుకి ఎన్ని తరాల కిందట వచ్చారో వీళ్ళకే తెలియదు. చదువులన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో. నాన్న ఉద్యోగం పుణ్యమా అని నేను మాత్రం చిత్తూరులో పదో తరగతి దాకా తెలుగులో చదివాను. అందుకని ఈ పుస్తకాన్ని దాచే పనే లేదు. భోజనాల బల్ల మీద తెరిచి పెట్టినా, దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకునేవాళ్ళే తప్ప చదివేవాళ్ళు లేరు.

ఈరోజు కింద వర్క్‌షాపు ఖాళీ అయింది. మా ఆయన జగన్నాథన్ ఇరవై ఏళ్ళుగా ఇంటి కిందే వెట్ గ్రైండర్లు బిగిస్తున్నాడు. బిగించిన ప్రతి గ్రైండరునీ నీళ్ళు పోసి గంటసేపు తిప్పి చూడాలట. రాయి గుండ్రంగా తిరుగుతుందని ఇన్నేళ్ళయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. నా తలనొప్పికి ఆ గరగరే కారణమని రెండేళ్ళుగా మొత్తుకుంటే, ఇప్పటికి ఊళ్ళోనే గణపతి అనే పేటలో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. చివరి లోడు టెంపోలోకి ఎక్కించి పైకొచ్చి, "ఇంగనైనా నీ తలకాయ సుఖంగా ఉంటే సరి" అన్నాడు. ఏదో త్యాగం చేసినట్టు ముఖం.

పొద్దున లేవగానే నొప్పి ఉంది. కాఫీతో రెండు మాత్రలు వేసుకున్నాను. పదకొండుకల్లా మనిషినయ్యాను. రేపటి నుంచి వీటి అవసరం ఉండదు.

జూన్ 5, గురువారం

నొప్పి ఉంది. ఇరవై ఏళ్ళ గరగర రెండు రోజుల్లో తలలోంచి పోతుందా మరి. కొంత టైం పడుతుంది.

మందుల షాపు భూపతి నన్ను చూడగానే అడగకుండానే అట్ట తీసి కౌంటరు మీద పెడతాడు. చీటీ అడగడు. "ఎట్లుండాది వదినే తల?" అంటాడు. నేను బాగైపోతే వాడి వ్యాపారం ఏమైపోతుందో అన్న ఆదుర్దా ఆ గొంతులో. వెధవ. కానీ మంచి మాత్రలే ఇస్తాడు.

జూన్ 6, శుక్రవారం

శుక్రవారం సాయంత్రం అంటే మా ఆడబిడ్డ ధనమ్మాళ్‌కి పండగ. కొబ్బరి చిప్పల నిప్పుల మీద సాంబ్రాణి వేసి, దేవుడి గది దగ్గర మొదలుపెట్టి బాత్‌రూమ్ దాకా ఒక్క మూల వదలకుండా తిప్పుతుంది. వీళ్ళ అమ్మ చేసిందట, అమ్మమ్మ చేసిందట. దోమల కోసం మొదలైన పని భక్తిలోకి ఎట్లా వచ్చిందో ఎవరూ ఆలోచించరు.

ఆవిడ మా ఆయనకు అక్క. మొగుడు పోయాక పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే. మా అమ్మాయి షణ్ముగప్రియను పెంచింది నేను కాదు, ఆవిడ అని అందరూ అంటారు. పెంచితే పెంచింది. నేను అప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేసేదాన్ని, ఎవరో ఒకరు పెంచాలి కదా.

పొగ నా గదిలోకి కూడా తెచ్చింది. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి మీద పొగ. "మాలినీ, నొస్తా ఉండాదా? సుక్కు కాఫీ వేసి ఇయ్యనా?" అని అడిగింది. వీళ్ళ సుక్కు అంటే శొంఠి. నొస్తా ఉండాదా. ఆ భాష వింటేనే నాకు సగం నొప్పి.

ఇప్పుడు అర్థమైంది. గ్రైండర్ కాదు. పొగ.

జూన్ 9, సోమవారం

తలనొప్పి. రెండు మాత్రలు. సాయంత్రం ఇంకో రెండు, కానీ ఒకటి సగం విరిగి కింద పడింది. కాబట్టి మూడున్నర.

జూన్ 11, బుధవారం

పొగ లేని రోజు కూడా నొప్పి వచ్చిందంటే కారణం పొగ ఒక్కటే కాదు. ఆవిడ నడక. మడమలు నేలకు కొట్టి నడుస్తుంది. గిన్నెలో గరిటె మూడుసార్లు కొడుతుంది. ఫోనులో మాట్లాడితే వీధి చివర ఆటో స్టాండు దాకా వినిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఎట్లా భరించానో.

జూన్ 13, శుక్రవారం

అనేశాను.

పొగ పట్టుకుని నా గది గడపలో నిలబడింది. మధ్యాహ్నం నుంచి వాంతి వస్తోంది నాకు. అప్పటికి నాలుగు మాత్రలు పడ్డాయి, ఒక్కటీ పని చేయలేదు. లేచి నిలబడి అన్నాను. "వదినా, నా తలలో నొప్పి కాదు ఉన్నది, మీరు. మీ పొగ, మీ గొంతు, మీ కాళ్ళ చప్పుడు. ఒకరి నీడలో బతికేవాళ్ళు ఆ నీడలోనైనా చప్పుడు చేయకుండా ఉండాలి."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నిప్పుల మీద నీళ్ళు పోసింది. ఆ సుయ్‌మన్న చప్పుడు ఒక్కటే. తరవాత బీరువా తెరిచి బట్టలు సంచిలో పెట్టుకుంది.

మా ఆయన షెడ్డు నుంచి వచ్చేసరికి ఆవిడ హాల్లో చెప్పులేసుకుని కూర్చుంది. కంబంలో ఆవిడ మొగుడి తరఫు చుట్టం పెరియసామి ద్రాక్షతోట ఉంది, అక్కడికి పోతానంది.

"శుక్రవారం ఆడబిడ్డ గడప దాటరాదక్కా" అన్నాడు ఈయన. ఈ ఇంట్లో ఇంత మంది ఇన్ని శుక్రవారాలు పాటించారు, ఒక్కరికీ ఒరిగిందేమీ లేదు.

"నేను పోతేనే ఆమె తల బాగైతాదంటే దినం చూసేది యాల తమ్ముడా" అంది. నా వైపు చూడలేదు. ఈయన స్కూటర్ మీద బస్టాండుకి తీసుకెళ్ళాడు.

నేను తలుపు వేసుకుని పడుకున్నాను. ఎంత నిశ్శబ్దం.

జూన్ 14, శనివారం

ప్రశాంతంగా ఉంది. కొంచెం నొప్పి. నిన్నటిది.

జూన్ 17, మంగళవారం

కర్టెన్లన్నీ ఉతికించాను. దిండు గలీబుల్లో కూడా సాంబ్రాణి వాసనే. ఆ మనిషి వెళ్ళినా వాసన వెళ్ళలేదు. రెండు మాత్రలు. సాయంత్రం రెండు.

జూన్ 19, గురువారం

తలనొప్పి.

జూన్ 20, శుక్రవారం

తలనొప్పి. పొగ లేదు, గొంతు లేదు, గ్రైండర్ లేదు. అయినా.

వంట నేనే చేశాను. ఈయన రసం పోసుకుని నోట్లో పెట్టుకుని ఆగాడు. ఏమీ అనలేదు. అనకపోవడంలో ఈ ఇంటివాళ్ళకు మంచి తర్ఫీదు ఉంది.

జూన్ 24, మంగళవారం

తిరుప్పూరు నుంచి షణ్ముగప్రియ ఫోను చేసింది. "అత్తను పంపించేసినావంటనే" అంది. నేను పంపలేదు, ఆవిడే వెళ్ళిందన్నాను. "సరిమ్మా" అని పెట్టేసింది. పెళ్ళయి మూడేళ్ళు కాలేదు, అప్పుడే ఫోను పెట్టేయడం నేర్చింది. మా అల్లుడు నేర్పి ఉంటాడు. బనియన్ల కంపెనీలో మేనేజరు, ముఖం మీద ఎప్పుడూ దూది.

జూలై 1, మంగళవారం

రాత్రి తినేటప్పుడు ఈయన అన్నాడు. "మెషీన్లు పోయినాయి. అక్క పోయింది. ఈ ఇంట్లో ఇంగ చప్పుడు చేసేది నేనొకణ్ణే. నేను ఎప్పుడు పోయేది చెప్పు, షెడ్డులోనే పండుకుంటా."

జోకు వేశాడనుకున్నాను. కానీ ఈయనకు జోకులు రావు.

తరవాత, "రేపు పెద్ద డాక్టరు దగ్గర టోకెన్ వేస్తా. ఒక తూరి వచ్చేయి. నా కోసం వద్దు, అక్క కోసం" అన్నాడు. అక్క కోసం నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలట. నవ్వొచ్చింది, కానీ నవ్వితే తల అదురుతుంది కాబట్టి ఊరుకున్నాను.

జూలై 8, మంగళవారం

వివరంగా రాయాలి, ఎందుకంటే ఈరోజు నన్ను అవమానించారు.

డాక్టరంటే ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. తీరా చూస్తే సత్యప్రియ అని ఒక పిల్ల. మా అమ్మాయికన్నా నాలుగేళ్ళు పెద్దదేమో. కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం కూడా ఇంకా అలవాటు కాలేదు. అంతా తమిళంలోనే అడిగింది. ఎప్పుడు మొదలైంది, ఏ పక్కన వస్తుంది, వెలుతురు పడదా, వాంతి ఉంటుందా. చెప్పాను. పెళ్ళికి ముందు నుంచీ ఉంది, అప్పట్లో నెలకొకసారి వచ్చి పోయేది, ఇప్పుడు రోజూ. మాత్రలు వారానికి ఎన్ని వేసుకుంటారని అడిగింది.

మావాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఎదుట ఉన్నది తమిళులైతే, గుట్టుగా చెప్పాల్సిందేదైనా వాళ్ళ ముందే గట్టిగా తెలుగులో అనేస్తాం. బట్టల షాపులో బేరం, బస్సులో పక్కవాళ్ళ చీర, అమ్మాయి స్కూల్లో టీచరు తెలివి, అన్నీ. నేనూ ఈయన వైపు తిరిగి తెలుగులో చెప్పాను. "రోజూ అని నోరు జారకండి. వారానికి రెండో మూడో అనండి. ఈ పిల్లకి ఇంకా పుస్తకాల వాసన పోలేదు. నిజం చెబితే బెదిరిపోయి తలకాయంతా స్కానింగులు రాస్తుంది."

ఈయన తల వంచుకుని నేల చూస్తున్నాడు.

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "బెదిరేది లేదక్కా" అంది, తెలుగులో. "దినాము ఎన్నని చెప్పండి. స్కానింగు సంగతి తరవాత చూస్తాం."

అచ్చం మా ఆడబిడ్డ గొంతులో ఉండే తెలుగు. తిరుమంగళం పక్కన పల్లె అట, వాళ్ళింట్లోనూ ఇదే మాట్లాడేదట. ఈయనే చెప్పాడు. "దినాము నాలుగు. ఒగొక దినం ఆరు." గ్రైండర్ బోల్టులే కాదు, నా మాత్రలు కూడా చూస్తూనే ఉన్నాడన్నమాట.

"ఎన్ని నెలలుగా?"

"రెండేండ్లు ఉంటాది."

అప్పుడు ఆ పిల్ల అంది. "మీకు మొదట ఉండింది మైగ్రేనే. ఇప్పుడు దినాము వచ్చేది అది కాదు. మాత్ర దిగిపోతానే నొప్పి పైకి లేస్తాది, మళ్ళా మాత్ర వేస్తారు. ఇప్పుడు నొప్పి తెస్తా ఉండేదే ఆ మాత్ర. నిలిపేయాల."

చప్పుడు వల్ల వస్తుందని చెప్పాను. పొగ వల్ల వస్తుందని చెప్పాను.

"అవి ఇప్పుడు ఇంట్లో ఉండాయా?"

"లేవు."

"నొప్పి?"

ఈయన మళ్ళీ నేల చూశాడు. నేల మీద ఏముందో నాకు తెలియదు.

జూలై 9, బుధవారం

అన్నం తినడం వల్ల ఆకలి వేస్తుందన్నట్టుంది. తలనొప్పికి కారణం తలనొప్పి మాత్రట. ఇందుకు ఎనిమిదేళ్ళు చదివింది. నిలిపేస్తే మొదట నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, వారం పది రోజులు ఓర్చుకోండి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టచ్చు అంది. ఎంత తెలివైన మాట! తగ్గితే తన గొప్ప, పెరిగితే ముందే చెప్పాను అనొచ్చు. నొప్పి రాకుండా వేరే మాత్ర ఒకటి రాసింది, రాత్రిపూట వేసుకోవాలి. అది పని చేయడానికి నెల పడుతుందట.

పొద్దున రెండు వేసుకున్నాను. భూపతి అట్ట.

జూలై 12, శనివారం

ఆ పిల్ల చెప్పింది తప్పని రుజువు చేయడానికి ఈరోజు ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. మధ్యాహ్నానికి కన్ను బయటికి వస్తుందేమో అన్నంత నొప్పి. కాబట్టి మాత్రలు మానేస్తే నొప్పి పెరుగుతుందని తేలింది. నేను చెప్పిందే నిజం.

ఆ పిల్ల చెప్పింది కూడా అదే కదా.

సాయంత్రం రెండు వేసుకున్నాను. ఇరవై నిమిషాల్లో తగ్గింది. అంత త్వరగా తగ్గడం చూస్తే మొదటిసారి నాకు భయం వేసింది.

జూలై 14, సోమవారం

భయపడ్డానని రాశాను. అలసట అది.

జూలై 16, బుధవారం

ఇంట్లో ఉన్న అట్టలన్నీ ఈయన చేతిలో పెట్టాను. సంతోషంగా గణపతి షెడ్డుకు తీసుకెళ్ళాడు. బియ్యం డబ్బాలో ఒకటి ఉంచుకున్నాను. అవసరం కోసం.

జూలై 17, గురువారం

అవసరం పడింది.

జూలై 18, శుక్రవారం

బియ్యం డబ్బా కూడా ఖాళీ. ఇంక లేవు. భూపతి దగ్గరికి ఈయన వెళ్ళి, మా ఇంటికి అమ్మితే మర్యాద దక్కదని చెప్పి వచ్చాడట. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈయన ఒకరిని బెదిరించడం ఇదే మొదటిసారి, అదీ నాకు మాత్రలు అందకుండా.

జూలై 20, ఆదివారం

వాంతులు. రాయలేను.

జూలై 22

ఈయన తడిగుడ్డ నుదుటి మీద వేస్తాడు. సరిగా పిండడు. నీళ్ళు చెవుల్లోకి కారతాయి. ఒక గుడ్డ పిండడం చేతకాని మనిషి మోటార్లు బిగిస్తాడు, జనం కొంటారు.

జూలై 23

నిద్ర లేదు. గ్రైండర్ లేదు కదా కింద. అయినా తిరుగుతున్నట్టే ఉంది. లోపల.

జూలై 25, శుక్రవారం

ధనమ్మాళ్ వదిన ఉంటే సుక్కు కాఫీ ఇచ్చేది. అది వట్టి నీళ్ళే, శొంఠి ఘాటు తప్ప ఏమీ ఉండదు. అయినా వేడిగా ఉంటుంది.

జూలై 29, మంగళవారం

భోజనం అయ్యాక కిటికీ దగ్గర కూర్చుంటే ఏదో తేడా అనిపించింది. ఏమిటా అని చూస్తే, నొప్పి లేదు. రెండు గంటల సేపు. తరవాత వచ్చింది, కానీ మాత్ర లేకుండానే పోయింది.

ఆ పిల్ల చెప్పింది నిజం. రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను. గరగర కారణం కాదు. పొగ కారణం కాదు. ఆవిడ కారణం కాదు.

ఆవిడను తీసుకురావాలి. ఆడి మాసం కదా, మంచి పనులకు పనికిరాదు, కొంచెం ఆగమన్నాడు ఈయన. ఆగను.

ఆగస్టు 6, బుధవారం

బస్సులో పళని, ఒట్టన్‌చత్రం, తేని, కంబం. ఒట్టన్‌చత్రంలో బస్సులోకి సగం కూరగాయల మార్కెట్టు ఎక్కింది. నా ఒళ్ళో ఎవరిదో మునక్కాయల కట్ట. తల మండుతోంది, సంచిలో మాత్ర లేదు. ఒక్కసారి కూడా దిగి వెనక్కి పోదామనుకోలేదు. ఒక్కసారి అనుకున్నాను.

పెరియసామి తోటలో పెద్ద రేకుల షెడ్డు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ద్రాక్షగుత్తుల్లో చెడ్డ పండ్లు కత్తెరతో తీసేసి పెట్టెల్లో పేరుస్తున్నారు. వాళ్ళ మధ్యలో మా వదిన. అరవై రెండేళ్ళ మనిషి, సొంత వర్క్‌షాపున్న తమ్ముడుండగా కూలికి కూర్చుంది. నన్ను చూసి లేవలేదు. పక్కన గోనెసంచి పరిచి కూర్చోమంది.

నేను బస్సంతా తయారుచేసుకున్న మాట చెప్పాను. "మీ వల్ల కాదు వదినా. ఆ మాత్రల వల్లనట. డాక్టరు చెప్పింది. నేను మానేశాను. ఇంటికి రండి."

"అట్లనా" అంది. కత్తెర ఆగలేదు. "నిలిపేస్తివా? నిండా కష్టంగా ఉండుంటాది."

"ఉంది."

ఒక గుత్తి పూర్తి చేసి పెట్టెలో పెట్టింది. "సరి మాలినీ. నొప్పి మాత్రతో వచ్చింది. ఆ పొద్దు నువ్వు చెప్పిన మాటలు? అవీ మాత్రతోనే వచ్చినాయా?"

"తల పగిలిపోతుంటే ఏదో అన్నాను వదినా."

"తల నొచ్చేవాళ్ళు అయ్యో అంటారు. అమ్మా అంటారు. ఎవురు ఎవురి నీడలో ఉండేదని లెక్క చెప్పరు."

పక్కన కూర్చున్న ఆడవాళ్ళు తమిళులు, వాళ్ళకు అర్థం కాలేదు. అంత వరకు నయం. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ద్రాక్షపండ్ల వైపు చూశాను. కోపం రాలేదు ఆవిడకు. వస్తే బాగుండేది, నేనూ ఏదైనా అనేదాన్ని.

"ఒకటి చెప్తా విను" అంది. "నీ తల బాగా తేలికైనాక, నొప్పి అనేదే లేని దినం, ఒక తూరి నన్ను తలుచుకో. నా నడక, నా గొంతు, అంతా తలుచుకో. అప్పుడు నేను నీ కండ్లకు వేరేగా కనిపిస్తే చెప్పు, వచ్చేస్తా. అట్లనే కనిపిస్తే అదీ చెప్పు. ఈడనే ఉండిపోతా. కోపం లేదు. నాకు తెలిస్తే చాలు."

తరవాత పెరుగన్నం పెట్టింది. తిన్నాను. బస్సు ఎక్కించింది.

ఆగస్టు 7, గురువారం

"ఏమి చెప్పిందక్క?" అని ఈయన పదిసార్లు అడిగాడు. నొప్పి తగ్గాక వస్తుందట అన్నాను. అబద్ధం కాదు. ఆయన వెంటనే ఆవిడ గదిలో ఫ్యాను తుడవడం మొదలుపెట్టాడు.

ఆగస్టు 13, బుధవారం

నొప్పి వచ్చింది. పడుకున్నాను. పోయింది.

ఆగస్టు 18, సోమవారం

రాలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

నాలుగు రోజులుగా తలలో ఏమీ లేదు. ఉదయం లేచి గోడ గడియారం, కిటికీ, వెలుతురు అన్నీ చూశాను, ఏదీ గుచ్చుకోలేదు. ఎన్నాళ్ళయిందో ఇట్లా లేచి. సంతోషం వేసింది. ఏడుపు కూడా వచ్చింది, అది ఈయన చూడలేదు.

తరవాత ఈయన కాఫీ తాగాడు, ఎప్పటిలాగే చప్పుడు చేస్తూ. చూస్తూ కూర్చున్నాను. తల తేలిగ్గా ఉంది. అయినా ఆయన్ని చూస్తే ఎప్పుడూ ఏమనిపిస్తుందో అదే అనిపించింది. కాఫీ కూడా సరిగా తాగడం రాని మనిషి. ఆ మాట అనేశాను కూడా. ఆయన గ్లాసు కింద పెట్టి, "నొస్తా ఉండాదా?" అని అడిగాడు, పాపం. లేదన్నాను.

"ఆడి పోయి ఆవణి పుట్టింది. అక్కను పిలుచుకుని రానా?" అన్నాడు.

ఆవిడ చెప్పినట్టే చేశాను. కళ్ళు మూసుకుని తలుచుకున్నాను. మడమలు కొట్టే నడక, గిన్నె మీద మూడుసార్లు గరిటె, ఆ గొంతు, ఆ ఉండాది, ఆ నిండా. సాంబ్రాణి గిన్నెతో ఆవిడ గడపలో నిలబడింది. నాకు చిరాకేసింది. ఎక్కడా ఏ నొప్పీ లేదు, వట్టి చిరాకు. ఎంత వెతికినా దాని కింద ఇంకేమీ దొరకలేదు.

ఫోను చేశాను.

"వదినా, తల తేలిగ్గా ఉంది."

"నిండా సంతోషం. నన్ను తలుచుకుంటివా?"

"తలుచుకున్నాను."

"ఎట్ల కనిపిస్తి?"

వేరేగా కనిపించారు, వచ్చేయండి అని ఒక్క మాట చాలు. ఫోనులో ముఖం కనిపించదు. ఈయన ఎదురుగా నిలబడి నా నోటి వైపే చూస్తున్నాడు.

"అట్లాగే కనిపించారు" అన్నాను.

అవతల షెడ్డులో పెట్టెలు ఎత్తుతున్న చప్పుడు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. ఆవిడ, "సరి మాలినీ. అబద్ధం చెప్తావనుకుంటి" అంది. గొంతు ఎప్పటిలాగే గట్టిగానే ఉంది. "లారీ వచ్చింది, పెట్టేస్తా" అంది.

"ఎప్పుడు వస్తుందంట?" అన్నాడు ఈయన.

"రాదు" అన్నాను.

ఆయన చొక్కా వేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు, శుక్రవారం మధ్యాహ్నం, తినకుండా.

ఇల్లంతా తిరిగాను. కింద వర్క్‌షాపు ఖాళీ, ఆవిడ గది ఖాళీ, మాత్రల డబ్బా ఖాళీ. తల చాలా తేలిగ్గా ఉంది. ఈసారి ఎవరి వల్లనని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.